వాల్చంద్ హీరాచంద్

ఓడకును మనుష్యునకువలెనే పుట్టుక, పేరు, వృత్తి, వార్ధక్యము, మరణము కలవు. ఒకరికొరకు కట్టబడిన ఓడ మరియొకరి చేతికి పోవును. చేతులు మారినప్పుడు పేరు మారును. పేరుతోపాటు పనియు మారును. ఒకనాడు టపా సంచులను, ధనికులైన ప్రయాణికులను మోసినది మరియొకనాడు క్షతగాత్రులను మోయును. సైనికులను మోసినది బాలురకు పాఠశాల యగును. బొగ్గు, బియ్యము మోసి మోసి అలసినది తుదకు రాళ్లతో నింపబడి, సముద్రమున మునిగి, అలలకు అడ్డుగోడయై నిలుచును. ఇరువదవ శతాబ్ది తొలి భాగమునందలి పొగయోడల చరిత్రలో ఇట్టి మార్పులు అనేకములు. పరపాలనకాలమున భారతీయులు స్థాపించి, ఎన్ని ఇక్కట్లు వచ్చినను నిలుపుకొన్న గొప్ప ఓడల కంపెనీ కూడ అట్టి బహువృత్తుల పాతయోడ ఒకదానితోనే ఆరంభమయ్యెను. దానిని కొనుటకు ముందుకు వచ్చినవాడు అంతవరకు ఓడల వ్యాపారము నెరుగని ఒక రైలుమార్గముల కంట్రాక్టరు. ఆయన పేరు వాల్చంద్ హీరాచంద్.

వాల్చందు 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించెను. వారిది గుజరాతునుండి వచ్చి మహారాష్ట్రమున స్థిరపడిన జైన కుటుంబము. తండ్రియైన హీరాచంద్ నేమ్‌చంద్ పత్తి వ్యాపారమును, వడ్డీ వ్యాపారమును చేయుచుండెను. వాల్చందు పుట్టిన కొలదిదినములకే తల్లి మరణించెను. ఆయన షోలాపురమునను, పిమ్మట బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలయందును, పూనా దక్కను కళాశాలయందును చదివెను గాని, పట్టము పుచ్చుకొనకమునుపే చదువు విడిచి ఇంటి వ్యాపారమునకు రావలసివచ్చెను. కుటుంబమువారు చేయుచువచ్చిన పత్తిబేరము ఆయన మనస్సునకు పట్టలేదు. దుకాణమున కూర్చుండి ధర పెరుగుటకై ఎదురుచూచుట ఆయన స్వభావమునకు సరిపడని పని.

ఇంతలో రైల్వేలో గుమాస్తాగా పనిచేసి ఆ కొలువు మానుకొన్న లక్ష్మణరావు ఫాటక్ అను నాతనితో పరిచయము కలిగెను. ఫాటక్ పని తెలిసినవాడు. వాల్చందునకు ధనము సమకూర్చు నేర్పు కలదు. ఇరువురును కలిసి షోలాపుర ప్రాంతమునందలి బార్సీ లైట్ రైల్వేకు కొంత దారి వేయు పనిని ఒప్పుకొనిరి. ఆ చిన్నపనియే ఆయనకు నిజమైన బడి. మట్టి త్రవ్వుట, కంకర చేరవేయుట, కూలీలను కూడగట్టుట, అప్పు తెచ్చుట, గడువులోపల పని ముగించుట అన్నియు అచటనే నేర్చుకొనెను. ఒకదాని వెంట నొకటిగా పెద్దపనులు వచ్చెను. తరువాతి కాలమున బొంబాయికి నీరు తెచ్చు తాన్సా గొట్టపుమార్గము, భోర్ కనుమలోని రైలు సొరంగములు ఆయన సంబంధముగల కంపెనీలు చేసిన పనులలోనివే. 1914లో మొదలైన ప్రథమ ప్రపంచయుద్ధము ముగియునాటికి ఆయన బొంబాయిలో పేరుపడిన కంట్రాక్టరు. అంతటితో తృప్తిపడియుండిన సుఖముగా జీవించియుండెడివాడే.

ఆ కాలమున భారతదేశమునకు మూడువైపుల సముద్రమున్నను, ఆ సముద్రముపై భారతీయుల పొగయోడలు లేవన్నంతగా ఉండెను. తెరచాపల పడవలు తీరము వెంబడి తిరుగుచుండెడివి గాని, ఆవిరి యోడల వ్యాపారమంతయు బ్రిటిషు కంపెనీల హస్తగతమై యుండెను. వానిలో ముఖ్యమైనది 1856లో పుట్టిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1914లో ఇది పి. అండ్ ఓ. అను మరియొక మహాసంస్థతో కలిసిపోయెను. లార్డ్ ఇంచికేప్ వీనికి అధిపతి. కలకత్తా బొగ్గు బొంబాయికి పోవలెనన్నను, రంగూను బియ్యము మన తీరములకు రావలెనన్నను వీరి ఓడలే దిక్కు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము మొదలగు రేవులనుండి బర్మాకు కూలికై పోయిన తెలుగువారు వేలకొలదిగా ఈ ఓడల పైతట్టులమీద ఎండకు, వానకు ఓర్చి ప్రయాణము చేసినవారే. రంగూనులో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చుటకు కాకినాడ సమీపమునందలి కోరంగి రేవు కారణము.

ఆ ఓడలలో పనిచేయు కళాసీలు, కొలిమివాండ్రు పెక్కురు భారతీయులే. ఓడ అడుగుభాగమున, బాయిలరు కొలిమి యెదుట, ఉడికిపోవు వేడిలో పారతో బొగ్గు ఎగద్రోయుట భారతీయుని పని. పైన నిలిచి ఓడను నడుపు అధికారి మాత్రము తెల్లవాడు. నౌకాధికారి కాదగిన విద్యను నేర్పు పాఠశాల దేశమున ఒక్కటియు లేదు.

ఈ స్థితిని మార్చుటకు అంతకుముందే కొందరు పూనుకొనకపోలేదు. రవీంద్రనాథ ఠాకూరు అన్నగారైన జ్యోతిరింద్రనాథుడు 1884లో ఒక పాతయోడ కాయమును కొని, దానికి యంత్రములు పెట్టించి, సరోజిని యని పేరిడి వంగదేశపు నదులలో నడిపించెను. పరదేశీయుల పోటీకి తాళలేక మిక్కిలి నష్టపడెను. జంషెడ్జీ టాటా 1890 తరువాత జపాను కంపెనీతో కలిసి ఓడలు నడిపించెను. అదియు అచిరకాలముననే ఆగిపోయెను. తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళె 1906లో స్వదేశీ కంపెనీని స్థాపించి, గాలియా, లావో అను రెండు పొగయోడలను తెప్పించి కొలంబోకు నడిపించెను. 1908లో ప్రభుత్వము ఆయనను చెరసాలలో నుంచెను. 1911 నాటికి కంపెనీ మూతపడెను.

ఇందరు ఓడిపోవుటకు కారణము ధైర్యము లేకపోవుట కాదు. పెద్దకంపెనీలు పన్నిన వల యొకటి కలదు. ఓడలో సరకు మోయుటకు ఇచ్చు కిరాయిని రేవుపట్టణములలో కేవు అందురు. వర్తకుడు నూరు రూపాయలు కేవు చెల్లించెననుకొందము. అందులో పదిరూపాయలను తిరిగి యిత్తుమని కంపెనీవారు చెప్పుదురు. కాని వెంటనే యీయరు. కొన్నినెలలు గడువు పెట్టుదురు. ఆ గడువులో వర్తకుడు ఒక్కమూట యైనను పరుల ఓడలో వేసినచో, అంతవరకు కూడిన తగ్గింపు మొత్తమంతయు పోవును. కావున క్రొత్తకంపెనీ ఎంత చౌకగా మోసెదనన్నను వర్తకుడు దాని దరికి రాజాలడు. అప్పటికిని క్రొత్తవాడు చావకున్నచో, పెద్దకంపెనీ తన కేవును ఒక్కసారిగా తగ్గించివేయును. నూరు ఓడలు గలవాడు నష్టమును ఏండ్లకొలది భరింపగలడు. రెండు ఓడలవాడు ఏడాదియైనను భరింపలేడు. పోటీదారుడు మడిసినపిదప కేవు మరల పైకెక్కును.

వాల్చందు ఇవి యెరుగనివాడు కాడు. ఎరిగియుండియే 1919లో ఓడలవైపు దృష్టి మరల్చెను. అపుడాయన వయస్సు ముప్పదియారు సంవత్సరములు. బొంబాయిలో లాయల్టీ యను ఓడ అమ్మకమునకు వచ్చెనని ఆయన చెవిని పడెను.

ఆ ఓడ కథ వినదగినది. అది 1890లో ఇంగ్లండునందలి బారో పట్టణమున నీటిలోనికి దింపబడెను. దాని తొలిపేరు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా. కెనడాదేశమున సముద్రమునుండి సముద్రమువరకు రైలుదారి వేసిన కెనేడియన్ పసిఫిక్ కంపెనీవారు పసిఫిక్ మహాసముద్రముమీద టపా నడుపుటకై దానిని కట్టించిరి. దానికి రెండు తోబుట్టువులు: ఒకటి ఎంప్రెస్ ఆఫ్ జపాన్, మరియొకటి ఎంప్రెస్ ఆఫ్ చైనా. తెల్లని రంగు, కొనదేరిన ముక్కు, రెండు చక్రములు, సుమారు 5,900 టన్నుల పరిమాణము గలిగి, 16 నాట్ల వేగముతో పోగల సుందరమైన ఓడ అది. 1891 మొదలు ఇరువదిమూడేండ్లు వాంకూవరునకును, హాంకాంగునకును నడుమ టపాను, ప్రయాణికులను మోసెను. 1914లో యుద్ధము వచ్చినపుడు గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా దానిని కొని, లోపలి గదులను మార్పించి, గాయపడిన భారతీయ సైనికులకు ఆసుపత్రి యోడగా నొసగెను. 1915 జనవరిలో దాని పేరు లాయల్టీ యయ్యెను. రాజభక్తి యని ఆ మాట కర్థము. యుద్ధము ముగియగానే ఆసుపత్రి యోడతో పని తీరిపోయెను.

వాల్చందు నరోత్తమ్ మురార్జీ అను బొంబాయి మిల్లు యజమానిని, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామల్‌దాసులను కలుపుకొని ఆ ఓడను కొనుటకు పూనుకొనెను. ఓడ గ్వాలియరు సింధియాది యగుటచే క్రొత్తకంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యని పేరిడిరి. 1919 మార్చి 27న కంపెనీ నమోదయ్యెను. ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. వాల్చందును, నరోత్తమును అందులోనే ప్రయాణమైరి. భారతీయుల ఓడ యొకటి సూయజ్ దాటి ఇంగ్లండువరకు పోవుట ఆనాడు అపూర్వమైన సంగతి. 1964 మొదలుకొని మన దేశమున ఏప్రిల్ 5వ తేదీ జాతీయ నౌకాదినముగా జరుపబడుచున్నది. రాజభక్తి యని పేరు గల ఓడతో స్వదేశీ నౌకావాణిజ్యము మొదలగుట కొంత వింతయే.

దినము గొప్పదైనను, ఓడ మాత్రము కంపెనీకి మేలు చేయలేదు. దీనికి కారణము తెలిసికొనదగినది. టపాయోడ వేగమునకై పుట్టినది. వేగము కావలెనన్న ఓడ సన్నగా ఉండవలెను. బాయిలర్లు పెద్దవి, పెక్కులు కావలెను. వానికి బొగ్గు విస్తారముగా కావలెను. బొగ్గు గదులు, యంత్రములు ఓడ కడుపును ఆక్రమించుకొనగా సరకునకు మిగులు చోటు కొంచెము. టపాకు ప్రభుత్వములు పెద్దమొత్తము లిచ్చినంతకాలము ఆ ఖర్చు గిట్టును. ఆ ఆదాయము పోయినపిదప, ముప్పదియేండ్ల ముసలియోడ తినెడు బొగ్గునకు అది తెచ్చెడు కేవు చాలదు. సరకుల ఓడ స్వభావము వేరు. అది పొట్టలావుగా ఉండును. తొమ్మిది పది నాట్ల వేగమునకు మించి పోనవసరము లేదు. కొలదిబొగ్గుతో ఎక్కువ బరువు మోయుటయే దాని గొప్పతనము. పందెపు గుఱ్ఱమును బండికి కట్టినట్లు లాయల్టీకి ఆ వృత్తి పొసగలేదు. కొంతకాలము రేవులో కట్టివేయబడి, 1923లో బొంబాయిలోనే ఇనుముక్రింద విరుగగొట్టబడెను.

వాల్చందు ఆ పాఠమును త్వరగా గ్రహించెను. కంపెనీవారు ఇంగ్లండులో సరకుల ఓడలను కొనిరి. అవి అంతకుముందు ఇతరుల జెండాలక్రింద దేశదేశములు తిరిగి, ఎక్కడ సరకు దొరకిన అక్కడికి పోయినవే. ఇపుడు వానికి క్రొత్తపని: రంగూను బియ్యము, కలకత్తా బొగ్గు, పడమటి తీరపు ఉప్పు, బర్మా కలప. యుద్ధమున అనేకములైన ఓడలు మునిగిపోవుటచే ఆనాడు ఓడల వెల మిన్నుముట్టుచుండెను. అట్టి హెచ్చువెలకు కొన్న ఏడాది రెండేండ్లకే లోకమంతట వ్యాపారము మందగించి, కేవులును ఓడల ధరలును ఒక్కమారుగా పడిపోయెను. సరిగా ఆ సమయముననే బ్రిటిష్ ఇండియా కంపెనీ తన పాత ఆయుధమును బయటికి తీసెను. రంగూనునుండి బొంబాయికి టన్నుబియ్యమునకు రూ. 18 గా ఉన్న కేవు రూ. 6 కు దిగెను. ఆరురూపాయలలో బొగ్గు ఖర్చు, జీతములు, రేవు సుంకములు కూడ రావు. తిరిగిన ప్రతిసారియు నష్టమే. తిరుగక రేవున నిలిచిన మరింత నష్టము.

1922, 1923 సంవత్సరములు వాల్చందు జీవితమున మిక్కిలి కఠినమైనవి. ఇంచికేప్ ప్రభువు కంపెనీని మొత్తముగా కొనివేయుటకు సిద్ధపడెను. వాటాదారులు ధనము పోగొట్టుకొనుచున్నవారు. అమ్మివేసిన వారికి కొంతయైన దక్కును. అమ్మకున్న అంతయు పోవచ్చును. వ్యాపారధర్మము ననుసరించి చూచిన అమ్ముటయే వివేకము. కాని అమ్మినచో తూత్తుకుడి కంపెనీ వలెనే ఇదియు కథగా మిగులును. మరల ఒక భారతీయుడు ఓడ కొనుటకు సాహసించుటకు ఎన్నియేండ్లు పట్టునో. వాల్చందు అమ్మకమునకు ఒప్పుకొనలేదు.

అమ్మకుండ బ్రతుకుటకు 1923లో ఒక ఒడంబడిక కుదిరెను. దాని ప్రకారము పదియేండ్లపాటు సింధియా కంపెనీ తన ఓడల మొత్తము 75,000 టన్నులకు మించనీయరాదు. తీరమునందును, బర్మాకును సరకు మోయుటతో తృప్తిపడవలెను. విదేశములకు ఓడలు నడుపరాదు. ప్రతిఫలముగా పెద్దకంపెనీలు ఆ తీరవ్యాపారమున దానికి చోటిచ్చును. లండనువరకు ఓడ నడిపినవానికి తీరము దాటరాదను నియమము గొంతులో ముల్లువంటిది. స్వదేశపు సముద్రముపై ఎంతదూరము పోవచ్చునో పరదేశీయుడు గీత గీచి చూపినాడు. అయినను ఒడంబడికపై సంతకము జరిగెను. అది ఓటమి యని కొందరు తలంపవచ్చును. కాని పూర్వపు స్వదేశీ కంపెనీలన్నియు వీరమరణము పొందినవి. ఇది మాత్రము తలవంచి ప్రాణము నిలుపుకొనెను. ఆ పదియేండ్లలో ఓడలు నడుచుచు, పనివారు పని నేర్చుచు, కంపెనీ నిలద్రొక్కుకొనెను.

కట్టుబడిన చేతులతోనే వాల్చందు మరియొక దారిని పోరాడెను. ప్రభుత్వము నియమించిన నౌకావాణిజ్య సంఘము 1924 నాటికి తన నివేదికను ఇచ్చెను. తీరవ్యాపారమును భారతీయులకు ప్రత్యేకింపవలెననియు, భారతీయ బాలురను నౌకాధికారులుగా తీర్చిదిద్దుటకు శిక్షణయోడ నొకదానిని ఏర్పరుపవలెననియు ఆ సంఘము సూచించెను. మొదటిది కాగితముపైననే నిలిచిపోయెను. 1928లో సారాభాయి నేమ్‌చంద్ హాజీ తీరవ్యాపారమును గూర్చి కేంద్రశాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాకయే పోయెను. రెండవ సూచన మాత్రము ఫలించెను. 1904లో ఆ బారో పట్టణముననే కట్టబడి, అంతవరకు సైనికులను మోసిన డఫరిన్ అను పొగయోడను 1927లో బొంబాయిరేవున లంగరు దింపి పాఠశాలగా మార్చిరి. కదలని ఆ ఓడలో కదలు ఓడలను నడుపు విద్య నేర్చిన బాలురు తరువాత మన ఓడలకు అధికారులైరి. సైనికయోడగా గడపిన కాలముకంటె పాఠశాలగా గడపిన కాలమే దాని కెక్కువ. 1972 వరకు అది ఆ పనియందే ఉండెను.

1929లో నరోత్తమ్ మురార్జీ మరణించగా కంపెనీ అధ్యక్షభారము వాల్చందుపై పడెను. నరోత్తముడు శాంతుడు, వాల్చందు వేగిరపడువాడు. ఒకరి వేగమును మరియొకరి నిదానము అదుపులో నుంచుచుండెను. ఆ తోడు పోయిన పిదప ఇరువది యేండ్లకు పైగా వాల్చందు ఒక్కడే ఆ బరువును మోసెను. కంపెనీ తన ఓడలకు జల శబ్దముతో మొదలగు పేర్లు పెట్టుచుండెను: జలబాల, జలరాజన్, జలపాలక, జలతరంగ్, జలదుర్గ.

ఈ జలదుర్గకు ఆంధ్రదేశ చరిత్రలో ఒక స్థానము కలదు. విశాఖపట్టణమున క్రొత్తగా త్రవ్విన రేవులో 1933 అక్టోబరు 7వ తేదీన తొలుత ప్రవేశించిన సముద్రనౌక అదియే. ఆ రేవు నిర్మాణమునందును పాతయోడలు పాలుపంచుకొనెను. డాల్ఫిన్ కొండ ముందర అలల తాకిడికి ఇసుక కొట్టుకొనివచ్చి రేవు ద్వారమును పూడ్చుచుండుటచే, ఆయువు తీరిన రెండు పొగయోడలను తెచ్చి, రాళ్లు నింపి, అచట ముంచి అడ్డుకట్టగా చేసిరి. ఎన్ని రేవులు తిరిగినవో ఆ ఓడలు! తుదకు ఒక రేవునకు కావలియై అచటనే ఉండిపోయెను.

పదియేండ్ల గడువు తీరినపిదప కంపెనీకి కొంత వెసులుబాటు కలిగెను. 1937లో హజ్ యాత్రికులకై ఎల్ మదీనా యను ఓడను నడుపుట మొదలిడగా మరల కేవుల పోరు వచ్చెను. వాల్చందు దృష్టి అప్పటికే మరియొక దిక్కునకు పోయియుండెను. ఎన్ని ఓడలు కొన్నను అవి పరులు కట్టినవే. పరులు అమ్మిననాడు కొనవలెను. వారడిగిన వెల ఈయవలెను. ఓడ కట్టు విద్య మన చేతిలో లేనంతకాలము ఓడల కంపెనీ ఒంటికాలిమీద నిలిచినదే యని ఆయన నిశ్చయము. మొదట కలకత్తాలో చోటు వెదకెను గాని, రేవు అధికారుల షరతులు అనుకూలపడలేదు. అపుడు విశాఖపట్టణమునకు వచ్చెను. లోతైన నీరు, గాలివానలకు చాటు, కావలసినంత నేల, లోపలి దేశముతో కలుపు రైలుదారి అచట కలవు.

1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు విశాఖలో నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసెను. అపుడు రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండెను. ఓడల కొరత ఎంతగానున్నను, భారతీయుడు కట్టు ఓడలకు తోడ్పడుటకు ప్రభుత్వము ఉత్సాహము చూపలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. జనులు ఊరు విడిచి పోజొచ్చిరి. అరకొరగా అమర్చిన యంత్రములు బొంబాయికి తరలింపబడెను. సముద్రముమీద నష్టము అంతకంటె ఘోరము. 1942 జనవరి నెలలోనే జలరాజన్, జలతరంగ్, జలపాలక యను మూడు సరకుల ఓడలు జపాను జలాంతర్గాముల వాతపడెను. 1943లో జలబాల జర్మను జలాంతర్గామికి బలియయ్యెను. శాంతికాలమున బియ్యము, బొగ్గు మోసిన ఓడలు యుద్ధమున అదే పనిని ప్రాణాపాయముతో చేయవలసివచ్చెను. ఆ ఓడలలోని కళాసీల సాహసము సైనికుని సాహసమునకు తీసిపోవునది కాదు.

ఆ యేండ్లలోనే వాల్చందు చేయి మరి రెండు పనులలో నుండెను. 1939లో పసిఫిక్ మీదుగా విమానప్రయాణము చేయుచు, విమానములు తయారుచేయు అమెరికా దేశీయుడైన విలియం పాలీతో పరిచయము చేసికొని, మైసూరు సంస్థానపు సాయముతో 1940 డిసెంబరులో బెంగుళూరున హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించెను. యుద్ధావసరములచే 1942లో ప్రభుత్వమే దానిని తన చేతిలోనికి తీసికొనెను. బొంబాయిలో మోటారుకార్లు తయారుచేయు ప్రీమియర్ కంపెనీయు ఆయన స్థాపించినదే. పూనా జిల్లాలో చెరకుతోటల నడుమ వెలసిన వాల్‌చంద్‌నగరము ఆయన పేరు మోయుచున్నది. ఇవి యన్నియు వేరు వేరు కథలు.

యుద్ధము ముగిసినది. యంత్రములు మరల విశాఖకు చేరెను. 1946లో తొలి ఓడకు అడుగుదూలము వేసిరి. రేకులను కోయుట, వంచుట, జోడించుట మొదలగు పనులు ఎన్నడును ఓడ కట్టి యెరుగని చేతులకు నేర్పవలసియుండెను. కొందరు నిపుణులు విదేశములనుండి వచ్చిరి. పనివారు పెక్కురు ఆ చుట్టుప్రక్కల ఊళ్లవారు. నిన్నటివరకు వలలు లాగినవాడును, నాగలి పట్టినవాడును ఉక్కురేకు పట్టుట నేర్చుకొనెను. ఆ రెండేండ్లలో దేశము స్వతంత్రమయ్యెను. 1948 మార్చి 14వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి ఆ ఓడను నీటిలోనికి విడిచెను. అది 8,000 టన్నుల బరువు మోయగల ఆవిరియోడ. దానికి జల ఉష యని పేరిడిరి. అంతకుముందరి సింధియా ఓడలు విదేశములందు పుట్టినవి. కొన్నింటికి మన కంపెనీ రెండవ, మూడవ యజమాని. జల ఉష పుట్టుకయు, పేరును, పనియు ఈ దేశమునందే ఆరంభమయ్యెను.

ఆ మరుసటి సంవత్సరము వాల్చందునకు పక్షవాతము సోకెను. 1950లో ఆయన కంపెనీ అధ్యక్షపదవిని విడిచిపెట్టెను. తీరవ్యాపారమును భారతీయుల ఓడలకే ప్రత్యేకింపవలెనని ఇరువదియైదేండ్లకు పైగా జరిగిన పోరాటము అప్పటికి ఫలించుచుండెను. 1951 నాటికి స్వతంత్రభారత ప్రభుత్వము ఆ నియమమును అమలులో పెట్టెను. ఓడలు కట్టుట ధనముతో కూడిన పని. కట్టిన ఓడ వెల ఇంగ్లండు ఓడ వెలకంటె ఎక్కువ కాగా, కంపెనీ ఒక్కటే ఆ నష్టమును భరింపజాలకుండెను. కావున 1952 జనవరిలో ప్రభుత్వము విశాఖ నౌకానిర్మాణశాలలో మూడింట రెండుపాళ్లను తీసికొని, దానికి హిందూస్థాన్ షిప్‌యార్డ్ అను పేరిడెను. మిగిలిన పాలును 1961లో ప్రభుత్వమునకే చెందెను.

రోగముతో మంచము పట్టిన వాల్చందు ఈ మార్పును చూచెను. చివరిదినములలో ఆయన గుజరాతునందలి సిద్ధపురమున ఉండెను. అచటనే 1953 ఏప్రిల్ 8వ తేదీన, తన డెబ్బదియేండ్ల వయస్సున, మరణించెను. అప్పటికి విశాఖలో పుట్టిన ఓడలు కొన్ని సరకులు నింపుకొని సముద్రముపై తిరుగుచుండెను.